చెట్టినాడులో పాత ఇంట్లో మూడు రాత్రులు, అమ్మతో

మా అమ్మ పుట్టింది కోనసీమలో మండువా ఇంట్లో. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, వాటాలు తేలక పడగొట్టి స్థలం పంచుకున్నారు, స్తంభాలు ఎవరో పాత కలప వాళ్ళు లారీలో వేసుకుపోయారు. అమ్మకి ఇప్పుడు 71 ఏళ్ళు. ఎక్కడైనా మండువా ఇంటి ఫొటో కనిపిస్తే చాలు ఫోన్ దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చుంటుంది. అందుకే ఈసారి జనవరిలో గుళ్ళూ గోపురాల ట్రిప్ కాకుండా, అలాంటి ఇంట్లోనే నాలుగు రోజులు పడుకుని లేచేలా ప్లాన్ చేశా. మన వైపు అలా ఉండనిచ్చే పాత ఇళ్ళు చాలా తక్కువ, తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ఉండే చెట్టినాడు ఊళ్ళలో మాత్రం చాలా ఇళ్ళు ఇప్పుడు అతిథులకి ఇస్తున్నారు, గది, పొద్దున టిఫిన్, అడిగితే భోజనం కూడా.

దారి సంగతి ముందు చెప్పేస్తా. మేం కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, అది చెన్నై ఎగ్మోర్ స్టేషన్‌లోనే ఆగుతుంది కాబట్టి స్టేషన్ మారే గొడవ లేదు. మధ్యాహ్నం అక్కడే పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కారైకుడి. అమ్మలాంటి పెద్దవాళ్ళుంటే మధ్యలో చెన్నైలో కాస్త నడుం వాల్చే చోటు చూసుకోండి, మేం రిటైరింగ్ రూమ్ దొరక్క వెయిటింగ్ హాల్లోనే గడిపాం, కాళ్ళు వాచిపోయాయి పాపం. హైదరాబాద్ నుంచి అయితే మధురైకో తిరుచ్చికో ఫ్లైట్‌లో వెళ్ళి అక్కణ్ణుంచి కారు మాట్లాడుకోవడం సుఖం, రెండూ ఇంచుమించు ఒకే దూరం, 90 కిలోమీటర్ల చిల్లర.

మొదటి రాత్రి మాకు జరిగింది చెప్తా, మీకు పనికొస్తుంది. నేను బుక్ చేసిన చోటు, పేరు రాయను, ఫొటోల్లో అంతా పాత ఇల్లే, నల్లటి స్తంభాలు, రంగు టైల్స్, ఉయ్యాల. తీరా రాత్రి పదింటికి వెళ్తే ఆ ఇంట్లోంచి నడిపించుకుని వెనక్కి తీసుకెళ్ళి, కొత్తగా కట్టిన బ్లాక్‌లో గది ఇచ్చారు, మామూలు లాడ్జి గదే, గోడకి పాత ఇంటి ఫొటో తగిలించారంతే. అడిగితే మీరు బుక్ చేసిన కేటగిరీ ఇదే మేడమ్ అన్నారు. నిజంగానే కింద చిన్న అక్షరాల్లో రాసుంది, నేను చూసుకోలేదు. కానీ ఆ ఫొటోలు చూసి అంత దూరం వచ్చిన అమ్మ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాబట్టి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడగండి, మా గది పాత ఇంట్లోనా, కొత్త బ్లాక్‌లోనా అని. జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

పొద్దున్నే అక్కడ ఖాళీ చేసేసి 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న కానాడుకాత్తాన్ వెళ్ళాం. అక్కడ దొరికింది మాకు అసలైన ఇల్లు. ఆరే గదులు ఇస్తారు, ఆ కుటుంబం వాళ్ళలో ఒక పెద్దాయన వెనక భాగంలో ఉంటారు, వంట చేసే ఆచ్చి, అక్కడ పెద్దావిడని అలా పిలుస్తారు, పొద్దున ఐదింటికి వస్తారు, ఇద్దరు కుర్రాళ్ళు పనికి. గది రోజుకి 7,200, టిఫిన్ అందులోనే, మధ్యాహ్నం ఆకు భోజనం మనిషికి 800 విడిగా.

ఇంటి సింహద్వారం ఒక వీధిలో, వెనక తలుపు ఇంకో వీధిలో. మొదట అరుగులు, తిణ్ణై అంటారు వాళ్ళు, మా ఊళ్ళో నలుగురు కూర్చునే వీధి అరుగులైతే ఇవి పెళ్ళివారంతా పడుకునేంత. తర్వాత పెద్ద తలుపు, ఆ తలుపు మీద లక్ష్మీదేవి చెక్కడం, లోపల వళవు అనే మండువా, చుట్టూ వసారా, వసారా వెంట వరసగా గదులు. దాని వెనక ఇంకో మండువా, దాని వెనక వంటిళ్ళు. వీధి తలుపు దగ్గర నిలబడి చూస్తే అన్ని గుమ్మాలూ ఒకే వరసలో, చివరన వెనక వీధి వెలుతురు చిన్న చుక్కలా కనిపిస్తుంది. అమ్మ గడప దాటగానే చెప్పులు వదిలేసి నేరుగా స్తంభం దగ్గరికి వెళ్ళి చేతులతో చుట్టి కొలిచింది. మనవి ఇంతకంటే కాస్త సన్నం అంది. బర్మా టేకు అది. అక్కడే నిలబడిపోయింది కాసేపు, మేం ఎవరం పిలవలేదు.

గోడల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. తెల్లగా, పాలరాయిలా నున్నగా, చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి, రంగు వేసినవి కావు. గవ్వ సున్నం, కరక్కాయ, తాటి బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన, ఇవన్నీ కలిపి పొరలు పొరలుగా పూసి రాయితో గంటల తరబడి రుద్దితే వచ్చే నునుపు అది. వాటిలో సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు మా తాత వాళ్ళ మేస్త్రీలు కూడా కలిపేవారట, అమ్మకి గుర్తుంది, గానుగ సున్నం తిప్పే ఎద్దుల వెనక పిల్లలు పరిగెత్తేవాళ్ళట. మిట్టమధ్యాహ్నం ఆ గోడకి చెంప ఆనించి కూర్చుంది అమ్మ, కరెంటు పోయిందని మాకు అరగంట తర్వాత కానీ తెలీలేదు.

గదుల విషయంలో ఉన్నదున్నట్టు చెప్తా. మండువా చుట్టూ ఉన్న గదులు చిన్నవి, చీకటిగా ఉంటాయి, ఎందుకంటే అవి అసలు పడకగదులు కావు. పెళ్ళైన ప్రతి కొడుక్కీ ఒక గది, అందులో కోడలు తెచ్చుకున్న సారె సామాను, ఇత్తడి, వెండి, పట్టు, జాడీలు దాచుకునేవారు, మనుషులు ఎక్కువగా వసారాల్లోనే పడుకునేవారని పెద్దాయన చెప్పారు. కాబట్టి గాలీ వెలుతురూ కావాలంటే మేడ మీద గది అడగండి, కానీ మెట్లు నిట్రంగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుదరదు. మేం అమ్మ కోసం కిందే తీసుకున్నాం. గడపలు మోకాలి దాకా ఉన్నాయి కొన్ని, రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు టార్చి దగ్గర పెట్టుకోండి. గది పక్క గదినే బాత్రూమ్‌గా మార్చారు, శుభ్రంగా ఉంది, గీజర్ మాత్రం పావుగంట ముందే వేసుకోవాలి. మండువాలో ఒకళ్ళు తుమ్మినా ఇల్లంతా వినిపిస్తుంది, పక్క గది వాళ్ళు రాత్రి పన్నెండు దాకా పేకాట ఆడితే మేం నిద్రపోలేదు, మర్నాడు పెద్దాయనకి చెప్తే ఆయనే వెళ్ళి నెమ్మదిగా మాట్లాడారు, ఆ తర్వాత ఇబ్బంది లేదు. వైఫై వసారాలో వస్తుంది, గదిలో రాదు. ఏసీ ఉంది, జనవరిలో మాకు అక్కర్లేదు, ఎండాకాలం అయితే అసలు వెళ్ళకండి, ఆ ఊరి ఎండ వేరు.

తిండి మాత్రం చెప్పుకోవాలి. పొద్దున ఇడియాప్పం, కొబ్బరి పాలు, వెళ్ళై పణియారం, ఎర్రకారం చట్నీ. కుళి పణియారం చూడగానే మా పాప అమ్మమ్మా గుంత పొంగనాలు అని అరిచింది, అవే మరి. నల్ల బియ్యంతో చేసే కవుణి అరిసి, చక్కెర, కొబ్బరి, నెయ్యి వేసి, ఆ బియ్యం కూడా బర్మా నుంచి వచ్చిన అలవాటే. మధ్యాహ్నం బెండకాయ మండి వేశారు, బియ్యం కడిగిన నీళ్ళతో చేసే పులుసు. అమ్మ ఒక ముద్ద తిని సరాసరి వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఆచ్చికి తెలుగు రాదు, అమ్మకి తమిళం రాదు, కడుగు నీళ్ళ గిన్నె చూపించి ఇదేనా అంటే ఆమె తల ఊపింది, ఇంక ఇద్దరూ గంటసేపు మరాఠీ మొగ్గ, రాతి పువ్వు, అనాస పువ్వు అన్నీ వాసన చూపించుకుంటూ కూర్చున్నారు. మాంసం కావాలంటే ముందు రోజే చెప్పాలి. మిరియాల కోడి మా ఆయనకి నచ్చింది, కారం మన గోదావరి జిల్లాల వాళ్ళకి తక్కువే అనిపిస్తుంది, మసాలా ఘాటు ఎక్కువ.

సాయంత్రాలు పెద్దాయన అరుగు మీద కూర్చుని ఇంగ్లీషులో చెప్పేవారు. నగరత్తార్లు, అంటే ఇక్కడి చెట్టియార్లు, బర్మా, మలయా, సిలోన్ వెళ్ళి వడ్డీ వ్యాపారం చేసి, ఆ డబ్బుతో ఇక్కడ ఈ ఇళ్ళు కట్టారు, టేకు బర్మాది, పాలరాయి ఇటలీది, అద్దాలు బెల్జియం నుంచి. 1942లో జపాన్ వాళ్ళు బర్మా పట్టుకోగానే అక్కడి ఆస్తులు చాలామందికి పోయాయి. నాకు అప్పుడు మా ముత్తాత గుర్తొచ్చాడు. మా వైపు రంగం వెళ్ళాడు అంటారు కదా, కోరంగి, కాకినాడ నుంచి ఓడలెక్కి రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో, మా ముత్తాత అందులో ఒకడు. ఆయన మోసిన కలప ఈ ఇంటికొచ్చిందేమో ఎవరికి తెలుసు అని నేను అంటే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ళ తాత రంగూన్ నుంచి రాసిన ఉత్తరాల కట్ట తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు, చదవలేకపోయినా అమ్మ ఒక్కో కాగితం తిప్పి చూసి జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చింది.

ఇంట్లో ఇప్పుడు వాటాదారులు ముప్పై మంది పైనే, సింగపూర్‌లో, చెన్నైలో, అమెరికాలో. పెళ్ళికీ కర్మకీ తప్ప రారు. ఒక్కళ్ళు సంతకం పెట్టనన్నా ఇల్లు అమ్మలేరు, బాగు చేయించనూ లేరు. ఈయన అందరి దగ్గరా ఒప్పందం తీసుకుని గదులు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో ఏడాదికో పక్క పైకప్పు పెంకులు మార్పిస్తున్నారు. ఆ మాట విన్నాక గది అద్దె ఎక్కువ అనిపించలేదు నాకు. ఆ 7,200లో కొంత పెంకుల కిందకే పోతుంది.

చుట్టుపక్కల చూసినవి గబగబా చెప్తా. 1912లో కట్టిన చెట్టినాడు ప్యాలెస్ మేం బయటి నుంచే చూశాం, వీధుల వెడల్పు చూడటానికైనా కానాడుకాత్తాన్‌లో పొద్దున్నే నడవండి. పిళ్ళయార్‌పట్టిలో కొండను తొలిచి చెక్కిన వినాయకుడు, రెండే చేతులు, తొండం కుడివైపు, మంగళవారం పొద్దున కూడా అరగంటలో దర్శనం అయింది. తిరుమయం కోట 1687లో సేతుపతి రాజులు కట్టించింది, దాని కిందే శివుడి గుడి, పెరుమాళ్ గుడి పక్కపక్కనే రాతిలో తొలిచినవి, కొండెక్కలేని అమ్మకి ఆ గుళ్ళే హాయిగా ఉన్నాయి.

ఆత్తంగుడి మాత్రం తప్పకుండా వెళ్ళండి, టైల్స్ చేసే చోటికి, ఎవరూ అడ్డుచెప్పరు. అద్దం పలక మీద ఇనప చట్రం, అందులో పువ్వు అచ్చు, అచ్చులో ఒక్కో అరలో ఒక్కో రంగు సిమెంట్ ద్రావకం గరిటెతో పోసి, అచ్చు మెల్లగా పైకి తీసేస్తారు. రంగులు ఒకదాంట్లో ఒకటి కలవవు, టైల్ చేస్తున్న పెద్దమ్మ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. దాని మీద పొడి ఇసుక సిమెంట్ చల్లి, తడి సిమెంట్ మెత్తి, ఆరబెట్టి, రోజుల తరబడి నీళ్ళ తొట్టిలో నానేస్తారు. అద్దం ఊడదీస్తే ఆ మెరుపు అద్దం ఇచ్చిందే, ఇంక పాలిష్ లేదు. కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తూ నడుస్తూ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ నిగారింపు వస్తుందట. నేను నాలుగు కొన్నా, బరువు చూసుకుని కొనండి.

కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత సామాను దుకాణాలున్నాయి. పడగొట్టిన ఇళ్ళ తలుపులు, స్తంభాలు, ఎనామిల్ క్యారియర్లు, దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు కూడా అమ్ముతున్నారు, ఎవరి అమ్మానాన్నల ఫొటోలో. మా ఆయన ఇత్తడి కూజా బేరం ఆడుతున్నాడు, నేను వెనక్కి తిరిగి చూస్తే అమ్మ దుకాణం లోపల గోడకి ఆనించిన స్తంభాల మధ్య నిలబడి ఉంది. ఇక్కడ ఏం కొనొద్దు పదండి అంది. కొనలేదు.

ఆఖరి రోజు రైలు తెల్లవారుజామునే కాబట్టి టిఫిన్ టైమ్ కుదరదనుకున్నాం. ఆచ్చి నాలుగింటికే వచ్చి అరిటాకులో పణియారాలు, చిన్న సీసాలో ఎర్రకారం కట్టి ఇచ్చారు, డబ్బులు వద్దన్నారు, అమ్మ తన బ్యాగులోంచి ఆత్రేయపురం పూతరేకుల ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

తిరుచ్చి దాటాక సిగ్నల్ రాగానే అమ్మ మా చిన్న మావయ్యకి ఫోన్ చేసింది. పడగొట్టిన మా కోనసీమ ఇంటి సింహద్వారం తలుపు ఒక్కటి మిగిలింది, మావయ్య వాళ్ళ పశువుల పాకలో వారగా పడేసి ఉంటుంది. ఒరేయ్, ఆ తలుపు ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యకు, కింద ఇటుకలు పెట్టి ఎత్తించు, చెదలు పట్టేస్తాయి, సంక్రాంతికి నేనొచ్చి చూస్తా అంది.