టెలిగ్రామ్ బాట్ మీద ఏఐ సహాయకుడు: కొట్టు యజమానులకు అమ్మవచ్చా?

విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లకో, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ దుకాణాలకో నెలచందా మీద పనులు గుర్తుచేసే ఏఐ సహాయకుణ్ణి అమ్మాలనుకుంటే, టెలిగ్రామ్ బాట్ (చాట్‌లో తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) చౌకైన మొదటి మెట్టు. బాట్‌ఫాదర్‌లో (కొత్త బాట్లు తయారుచేసిచ్చే టెలిగ్రామ్ సొంత బాట్) పేరు పెట్టి టోకెన్ (బాట్‌ను నడిపే రహస్య తాళం) తీసుకోవడం ఐదు నిమిషాల పని, రుసుము లేదు. వాట్సాప్ బిజినెస్‌లో కస్టమర్ చివరి మెసేజ్ తర్వాత 24 గంటలు దాటితే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే పంపాలి. గుర్తుచేయడమే పనైన సేవకు అది కాళ్లకు అడ్డం.

అసలు తలనొప్పి టైముతో. సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. "రేపు పదింటికి యాభై టిక్కీల తేజ లోడు" (టిక్కీ అంటే మిర్చి బస్తా, తేజ ఒక మిర్చి రకం) అన్నది సర్దకుండా దాస్తే కబురు మధ్యాహ్నం మూడున్నరకు వస్తుంది. అప్పటికి లారీ ఏ చిలకలూరిపేటో దాటేసి ఉంటుంది! ప్రతి అభ్యర్థనతో పాటు ఇవాళ్టి తేదీ, వారం, భారత కాలమానం ఏఐ మోడల్‌కు పంపాలి. లేకుంటే 'ఎల్లుండి' ఏ రోజో దానికి తెలియదు. 'తొమ్మిదింటికి' అంటే పొద్దునా, రాత్రా అని బాట్ తిరిగి అడగాలి.

యార్డు రొదలో వాయిస్ మెసేజ్ అంకెలు తప్పుతాయి. విన్నది రాసి చూపించి, 'సరే' నొక్కాకే దాచండి. 20 ఎంబీ దాటిన ఫైళ్లను బాట్ దించుకోలేదు. తెలుగు లిపి ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (ఏఐ వాడకం ఖర్చు లెక్కగట్టే మాట ముక్కలు, పైన చెప్పిన బాట్ టోకెన్ వేరు) తింటుంది కాబట్టి, వారం రోజుల వాడకం కొలిచాకే చందా తేల్చండి.

ఒక్క లోటు: కస్టమర్ 'స్టార్ట్' నొక్కేదాకా బాట్ నోరు విప్పలేదు. మొదటిసారి కొట్టుకు వెళ్లి మీరే నొక్కించాలి.