ఎనిమిదేళ్లలో నాలుగు టార్చిలు: మా ఇంటి అనుభవం

ఎనిమిదేళ్లలో నాలుగు టార్చిలు కొన్నాను. ఇవాళ నొక్కితే వెలిగేవి రెండు. నాకు ఊహ తెలియకముందు మా నాన్న కొన్న ఎవరెడీ ఇత్తడి బ్యాటరీ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది కాబట్టి నా తెలివి గురించి గొప్పలు చెప్పుకోలేను.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసే పడ్డాయి. మా వీధికి కరెంటు పన్నెండో రోజున వచ్చింది. పక్కింటి బాబాయి వాళ్ల ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేసింది. ఫోన్లో టార్చి ఉంది కదా అని అంతకుముందు నేనూ అనేవాణ్ణి. రెండో రోజుకి ఆ ఫోనులో మిగిలిన పదిహేను శాతం ఛార్జింగు చెల్లెలికి ‘బాగానే ఉన్నాం’ అని ఒక మాట చెప్పడానికి దాచుకోవాల్సి వచ్చింది, అదీ సిగ్నల్ దొరికితే.

అప్పటికి నేను కొన్నది ఒకటే, వెనక రెండు పిన్నులు బయటికి లాగి ప్లగ్గులో గుచ్చే ఛార్జింగ్ లైటు. పది నెలలుగా బీరువా మీద పడి ఉంది. ఆ రాత్రి పది నిమిషాలు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. తర్వాత విప్పి చూస్తే లోపల 4 వోల్టుల సీసం బ్యాటరీ, పొట్ట ఉబ్బిపోయి ఉంది. సీసం బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంతసేపు ఛార్జింగు పెట్టినా పట్టదు. నెలకోసారి మర్చిపోకుండా పెట్టేవాళ్లకి అది బాగానే పనిచేస్తుందేమో. మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు.

ఆ పన్నెండు రోజులూ ఆదుకున్నది ఇత్తడిదే. అందులో మూడు పెద్ద బ్యాటరీలు పడతాయి. అవి నీరసించాక అమ్మ తీసి మధ్యాహ్నమంతా ఎండలో పెట్టింది. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి గానీ అందులో కొంచెం నిజం ఉంది. ఎండకి బ్యాటరీ నిండదు, వెచ్చబడి లోపల మిగిలిందేదో కాస్త చురుగ్గా కదులుతుంది, అంతే. పశువుల పాక దాకా వెళ్లి రావడానికి ఆ మాత్రం చాలింది.

అప్పట్నుంచి టార్చి కొనేముందు వెలుతురు సంగతి తర్వాత చూస్తున్నాను. మొదట అడిగేది బ్యాటరీ గురించే. తీసి మార్చుకోవచ్చా? ఆరు నెలలు ముట్టుకోకపోయినా మిగులుతుందా? కరెంటు లేనప్పుడు దేంతో నింపాలి?

ఇంత తెలిసీ రెండోసారి కూడా మోసపోయాను. ఆన్‌లైన్లో లక్ష ల్యూమెన్లు (వెలుతురుని కొలిచే లెక్క) అని రాసి ఉంటే కొనేశాను. లోపలి సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని అచ్చు వేసి ఉంది. ఈ సెల్లుని 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలతలో మామూలుగా దొరికే మంచి సెల్లుల్లో 2000 నుంచి 3500 దాకానే పడుతుంది. 9900 అని కనబడితే అక్కడే ఆగిపోవాలి. దాని మూతి ముందుకి లాగితే జూమ్ అవుతుంది, గోడ మీద నలుచదరంగా ఎల్‌ఈడీ బొమ్మే పడుతుంది. ఆ లాగే సందులోంచి మొదటి వానకే నీళ్లు దిగాయి. ఇంకో బాధ, ఆర్పాలంటే వరసగా నొక్కుకుంటూ పోవాలి, మధ్యలో టపటపా కొట్టుకునే లైటు వస్తుంది. అమ్మ కళ్లు మూసుకుని ‘ఆపరా బాబూ, తల తిరుగుతోంది’ అనేది.

మూడోది 2019లో కొన్నాను. ఇప్పటికీ నా చేతిలో ఉన్నది అదే. అదీ 18650 సెల్లుదే గానీ ఎంతో కొంత నిజాయితీగా రాసిన డబ్బా. మధ్యస్థాయి వెలుతురు 150 ల్యూమెన్లు అని ఉంది, కొత్తలో ఏడున్నర గంటలు వెలిగింది. ఆరేళ్లు దాటాక ఐదున్నరకి దిగింది. అప్పుడు నాలుగు వందల చిల్లర పెట్టి సెల్లు ఒక్కటి మార్చాను, టార్చి మళ్లీ కొత్తదైంది. పవర్ బ్యాంకుతోనో, ట్రాక్టరు బ్యాటరీకి తగిలించిన కారు ఛార్జరుతోనో నింపుకోవచ్చు. అయితే ఈ సెల్లుల్ని తాళాలతో పాటు జేబులో వేసుకోకండి. రెండు కొసలూ కలిశాయంటే నిప్పే.

దీని లైటు కొంచెం పసుపు వైపు ఉంటుంది. కొనేటప్పుడు అది లోపం అనుకున్నాను. తుపాను తర్వాత ఓ రాత్రి, మోసపోయి కొన్న ఆ రెండో టార్చి నీలం తెలుపు వెలుతురులో జీడితోట దారిన ఎండిన కొబ్బరి ఈనె అనుకుని అడుగు వేయబోయాను. అది కదిలింది. కట్లపాము. ఆ నీలం వెలుతురులో ఎండుటాకూ మట్టీ పామూ నా కళ్లకి ఒకే బూడిద రంగులో కనిపించాయి. పసుపు లైటులో నల్ల ఒంటి మీద తెల్ల కట్లు విడిగా తెలుస్తాయి. రాత్రిపూట చేలో తిరిగేవాళ్లు ల్యూమెన్ల కంటే ముందు ఈ రంగు చూసుకోవాలి.

ఇంట్లో వాడేటప్పుడు దాన్ని స్టీలు గ్లాసులో నిలబెట్టి కప్పు వైపు తిప్పుతాం. తెల్ల సున్నం శ్లాబు అయితే గదంతా వెన్నెల పరుచుకున్నట్టు ఉంటుంది, అన్నం తినొచ్చు, పిల్లలు చదువుకోవచ్చు. మా పాత పెంకుటింట్లో మాత్రం కుదరదు, పెంకులు వెలుగంతా మింగేస్తాయి. అక్కడ టార్చి మూతికి పల్చటి తెల్ల కవరు తొడిగి దూలానికి వేలాడదీస్తాను.

ఒక లోపం ఉంది. దాని బటను మెత్తగా నొక్కేది కాబట్టి ఆర్పి ఉంచినా కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. వెనక మూత పావు తిప్పు వదులు చేస్తే ఆగుతుంది. నాకది అలవాటైంది, అమ్మకి చీకట్లో మూత బిగించి వెలిగించడం అయ్యే పని కాదు. అందుకే నాలుగోది కొన్నాను. రెండు పెన్సిల్ సెల్లులు పడేది, టిక్కుమని నొక్కే స్విచ్చి, వెలుతురు తక్కువే. దేవుడి గది తలుపు పక్కన మేకుకి వేలాడుతుంది. ఎవరు వాడినా అక్కడే తగిలించాలి, లేకపోతే అమ్మ నోట్లో పడాల్సిందే.

దానిలో మొదటి ఏడాది ఆల్కలైన్ సెల్లులు వేసి మర్చిపోయాను. మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి, ఉప్పు పూసినట్టు. నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, ఆరబెట్టి, ఉప్పుకాగితంతో రుద్దితే బతికింది. ఇప్పుడు మళ్లీ ఛార్జింగు పెట్టుకునే నికెల్ సెల్లులు వాడుతున్నాను. వాటిలో చాలాకాలం ఛార్జి నిలబడే రకమని చూసి కొనాలి. మామూలు రకం కొన్ని నెలలకే ఊరికే ఖాళీ అయిపోతుంది.

నా టార్చికి ఇక మిగిలిన ఫిర్యాదు ఒకటే. బటను మీది రబ్బరు చిరిగిపోయింది, ఆ ముక్క విడిగా ఎక్కడా అమ్మట్లేదు. పాత సైకిలు ట్యూబు గుండ్రంగా కత్తిరించి అంటించాను. నొక్కడానికి కాస్త గట్టిగా ఉంది గానీ రెండు వానాకాలాలు దాటింది, నీళ్లు దిగలేదు.