విమాన దూరం చూపే కాలిక్యులేటర్: దూరానికి సరే, సమయానికి కాదు

రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ, ప్రయాణ సమయాన్నీ చూపే ఈ కాలిక్యులేటర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. టికెట్లు తీసుకోకముందే సహోద్యోగుల ప్రయాణాలకు ముసాయిదా తయారుచేయడం నా పనిలో భాగం కనుక, దీనిని తెరవని వారం ఉండదు. దూరం విషయంలో వంక పెట్టడానికి లేదు. సమయం విషయంలో మాత్రం దీనిమీద నా కోపం ఇంకా చల్లారలేదు.

ఒకరిని హెల్సింకి నుంచి టోక్యోకు పంపవలసి వచ్చినప్పుడు ఇది దూరం సుమారు 7,800 కిలోమీటర్లనీ, ప్రయాణం తొమ్మిదిన్నర గంటల పైచిలుకనీ చూపింది. ఆ లెక్క ప్రకారం, దిగిన రోజే మధ్యాహ్నం సమావేశమూ, సాయంత్రం మరో ఊరికి రైలూ ఖాయం చేసి అవతలివారికి కబురు పంపాము. తీరా టికెట్లు చూడబోతే నేరుగా వెళ్లే విమానానికే దాదాపు 13 గంటలు! 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా తన గగనతలాన్ని ఐరోపా విమానాలకు మూసివేయడంతో సైబీరియా మీది దగ్గరి దారి పోయి, అవి ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన కజకిస్తాన్ వైపు నుంచో చుట్టి వెళ్తున్నాయి. కాలిక్యులేటర్‌కు ఆ సంగతితో నిమిత్తం లేదు. ఫలితాలను వెనక్కి లెక్కగట్టి చూస్తే, దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపి చేతులు దులుపుకుంటోందని తేలింది. సమావేశం వాయిదా వేయమని బతిమాలుకోవలసింది మాత్రం మేమే.

అప్పటినుంచి కోడ్‌లు ఇచ్చే రెండు గడుల మధ్య ఉన్న జంట బాణాల గుర్తును నొక్కి చూడడం అలవాటైంది. లండన్, న్యూయార్క్ స్థానాలు తారుమారవుతాయి. సమయంలో ఒక్క నిమిషమైనా మారదు. నిజానికి చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలుల వల్ల న్యూయార్క్ వెళ్లేటప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు సుమారు గంట తక్కువ పడుతుంది. 2020 ఫిబ్రవరిలో, తుఫాను గాలుల అండతో, ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది.

దూరమైనా ఇది చూపేది భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి చాపాన్నే (వంపు గీతనే) గాని విమానం నిజంగా తిరిగిన దారిని కాదు. పైగా భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల నున్నటి గోళంగా భావిస్తుంది కాబట్టి, ధ్రువాల వద్ద ఉన్న నొక్కు కారణంగా అర శాతం వరకు తేడా రావచ్చు. నా అవసరాలకు అది లెక్కలోకి రాదు. నాటికల్ మైళ్లలో కూడా చూపడం బాగుంది.

కర్బన ఉద్గారాల అంచనాకు కావలసిన దూరాలు ఇప్పటికీ ఇందులోనే చూస్తాను. గంటల కోసం మాత్రం విమానసంస్థ టైంటేబుల్ తెరుస్తాను. గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేవరకు పట్టే సమయమంతా, రన్‌వే వద్ద నిరీక్షణతో సహా, అందులో కలిసి ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా చిన్న దూరాలు వెళ్లేవారికి ఈ లోపం అంతగా కనిపించకపోవచ్చు. నా పని టికెట్లకు ముందే మొదలవుతుంది కనుక ఇది నాకు పెద్దదిగా తోచి ఉండవచ్చు. టికెట్ చేతిలో ఉన్నవారికి సమయం చూపే ఆ గడితో పనే పడదు.