ఉండవల్లి నుంచి భట్టిప్రోలు దాకా ఒక రోజు అద్దెకారులో

చుట్టుపక్కల పాత ఊళ్లను ఒక్క రోజులో చూపిస్తామని విజయవాడలో ఒక ట్రావెల్స్ వారు ప్యాకేజీ నడుపుతుంటే, గత నెలలో ఒక ఆదివారం మా అత్తయ్యగారిని, మామయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్లి వచ్చాము. బండి శుభ్రంగా ఉంది, డ్రైవరు నెమ్మదస్తుడు. నా అభ్యంతరమల్లా సమయాన్ని పంచిన తీరు మీదే.

ప్రకాశం బ్యారేజీ దాటిన కాసేపటికే ఉండవల్లి వస్తుంది. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ గుహాలయంలో అయిదు మీటర్లకు పైబడిన అనంతపద్మనాభుడు ఒకే రాతిలో పవళించి ఉంటాడు. మెట్లు నిటారుగా ఉండటంతో మామయ్యగారు కిందనే కూర్చున్నారు. అక్కడ ఇచ్చిన గంట సరిపోయింది.

మంగళగిరిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం చూశాక, "కొనకపోయినా పర్వాలేదమ్మా, ఒక్కసారి చూడండి" అంటూ డ్రైవరు మమ్మల్ని ఒక చీరల దుకాణానికి తీసుకెళ్లాడు. నిజాం అంచు చీరలు చూస్తే అత్తయ్యగారు ఊరుకుంటారా, గంటన్నర అక్కడే గడిచింది. కాజ టోల్‌గేటు, గుంటూరు దాటి చేబ్రోలు చేరేసరికి ఎండ మండిపోతోంది. కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయం కూడా ఆ నాయుడుగారు కట్టించినదే. శివలింగానికి నాలుగు వైపులా బ్రహ్మ రూపాలు చెక్కి ఉండటం మరెక్కడా నేను చూడలేదు.

అసలు చూడవలసిన భట్టిప్రోలుకు మిగిలింది పదిహేను నిమిషాలు. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతు కరండాలు (పవిత్ర అవశేషాలను దాచిన చిన్న భరిణెలు), వాటిని ఉంచిన రాతి పేటికల మీద క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ అక్షరాలు బయటపడిన స్తూపం అది. మన లిపి పూర్వరూపాలను గురించి మాట్లాడేవారెవరైనా ఆ అక్షరాల దగ్గరికి రావలసిందే. ఇప్పుడు కనిపించేది గడ్డి మధ్య ఇటుకల దిబ్బ మాత్రమే కాబట్టి, విషయం తెలిసినవారు పక్కన నిలబడి చెబితే తప్ప అది ఏమిటో అర్థం కాదు. ప్యాకేజీలో గైడు లేడు. పురావస్తు శాఖ బోర్డు చదవడం పూర్తికాకముందే కాపలాదారు గేటు వేసే వేళయిందన్నాడు.

బిల్లులో కిలోమీటర్లను గ్యారేజీ నుంచి గ్యారేజీకి లెక్కవేశారు. బుకింగ్ రోజున ఆ మాట చెప్పలేదు. డ్రైవరు బత్తా, టోలు వేరు. మళ్లీ వెళితే ఇదే డ్రైవరును పంపమంటాను గాని, పొద్దున్నే తెనాలి మీదుగా నేరుగా భట్టిప్రోలుకే పోనిమ్మంటాను. మంగళగిరి చీరలకైతే ఎప్పుడైనా బస్సెక్కి వెళ్లవచ్చు.