ఈజీఎఫ్‌ఆర్ టెస్టుకు కణితి ముక్కా, రక్తమా?

ఊపిరితిత్తుల అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్లో ఈజీఎఫ్‌ఆర్ అనే, కణం పెరుగుదలను నడిపే జన్యువు మారిపోతే, బయటి సంకేతం లేకున్నా రాస్–ఎర్క్, పీఐ3కే–ఏకేటీ అనే లోపలి సంకేత దారుల్లో కణానికి ‘విభజించుకో’ అన్న ఆదేశం ఆగకుండా వెళ్తుంది. ఆ మార్పును పట్టడానికి రెండు దారులు: కణితి నుంచి తీసిన ముక్క (బయాప్సీ), లేదా కణితి వదిలే డీఎన్ఏ కోసం రక్తం.

శ్రమ: ముక్కకు చాలాసార్లు సీటీలో చూస్తూ సూది వేయాలి. రక్తమైతే సుమారు 20 మి.లీ. చాలు.

రిస్క్: సూదితో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు, కఫంలో రక్తం పడవచ్చు. రక్తపరీక్షకు ఆ బెడద లేదు.

ఖర్చు: ముక్క ఎలాగూ క్యాన్సర్ నిర్ధారణకు తీస్తారు, అదనపు ఖర్చు జన్యు పరీక్షదే.

ఎక్కడ చెడుతుంది: ముక్క దాన్ని నిల్వ ఉంచే ద్రవమైన 10% ఫార్మలిన్‌లో 6 నుంచి 48 గంటలు ఉంటే మంచిది. రోజుల తరబడి వదిలేస్తే డీఎన్ఏ తునకలవుతుంది. ఎముక ముక్కను యాసిడ్‌తో మెత్తబరిస్తే ఇక ఆశ లేనట్టే. గడ్డకట్టకుండా ఆపే మామూలు ఈడీటీఏ ట్యూబులో రక్తం గంటల తరబడి ఉంటే తెల్లకణాలు చిట్లి, వాటి డీఎన్ఏలో కణితి డీఎన్ఏ కలిసిపోయి కనబడదు. కొరియర్‌లో పంపేటట్టయితే కణాలను నిలిపి ఉంచే ట్యూబే వాడాలి.

నమ్మకం: రక్తంలో మార్పు కనిపిస్తే దాదాపు ఖాయం. కనిపించకపోతే లేదని కాదు, ముఖ్యంగా మొదటి దశలో; చిన్న కణితి రక్తంలోకి వదిలే డీఎన్ఏ బహు తక్కువ.

ఆపరేషన్ అయ్యే దశల్లో ముక్కే. నాలుగో దశలో, సూది వేయలేని చోట కణితి ఉంటే ముందు రక్తం. ఈ మార్పుకు ఇచ్చే మందు పనిచేయడం మానేసినప్పుడూ రక్తంతో మొదలుపెట్టవచ్చు, కానీ కణితి స్మాల్ సెల్ అనే మరో రకం క్యాన్సర్‌గా మారిందేమో తేల్చేది ముక్క మాత్రమే.