గిటార్ గొణుగుడికి మందు: రాగి టేపా, హంబకరా?

పర్లాకిమిడి, రాయగడ వైపు పందిరి ప్రోగ్రాముల్లో ఆంప్, లైట్ల డిమ్మర్లు ఒకే జనరేటర్ లైను మీద ఉంటే సింగిల్ కాయిల్ గిటార్ (తీగల కింద శబ్దం పట్టే పికప్‌లో ఒకే వైరు చుట్ట ఉన్నది) గొణుగుతుంది. ముందు ఏ రొదో పట్టుకోండి. వాల్యూమ్ పెంచి, నిలబడ్డ చోటే మెల్లగా తిరగండి. దిక్కు మారేకొద్దీ 'మ్‌మ్' హెచ్చుతగ్గులైతే అది ట్రాన్స్‌ఫార్మర్ల 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం. తీగల మీద చెయ్యి వేయగానే 'జ్‌జ్' తగ్గితే అది విద్యుత్ క్షేత్రం.

'జ్‌జ్'కి రాగి టేపు చాలు. జిగురు కూడా కరెంటు పారే రకం కావాలి. పికప్, పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) గుంటలంతా అంటించి, ముక్కలను 5 మి.మీ. ఒకదానిపై ఒకటి ఎక్కించి, అతుకుల మీద టంకం చుక్క పెట్టండి. మల్టీమీటర్ ఆ చివరా ఈ చివరా 1 ఓమ్ లోపే చూపాలి. అక్కణ్నుంచి ఒక వైరు వాల్యూమ్ పాట్ వీపుకు. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) సిగ్నల్ కాలు టేపుకు తగిలితే గిటార్ మూగబోతుంది, అక్కడ ఇన్సులేషన్ టేపు వేయండి.

'మ్‌మ్'కి మాత్రం ఎంత రాగి అంటించినా వృథా. పలుచని రాగి 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. హంబకర్ రకం పికప్‌లో అయస్కాంత ధ్రువాలూ చుట్లూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్న రెండు కాయిళ్లు రొదను కొట్టేసి, తీగ శబ్దాన్ని కలుపుతాయి. సింగిల్ కాయిల్ సైజు హంబకర్ కొంటే చెక్క తొలిచే పని లేదు. పాట్‌లు 250 కె (కిలో ఓమ్‌లు) నుంచి 500 కెకి మార్చకపోతే శబ్దం మసకబారుతుంది. మార్చినా సింగిల్ కాయిల్ మెరుపు కొంత పోతుంది. జనరేటర్ స్టేజీలే ఎక్కువైతే మా ఓటు హంబకర్‌కే.

రొద తగ్గుతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం పీకకండి. తీగలు ఎర్త్‌కే కలిసుంటాయి. పిన్ను లేనప్పుడు ఆంప్‌లో లోపం వస్తే తీగల్లోకే కరెంటు వచ్చి, మైకుకు పెదవి తగిలిన క్షణమే ప్రాణం పోవచ్చు.