టైటానిక్ 4కే డిస్కు: బొమ్మ కంటే తెరవెనక సంగతులకే కొనాలి

పారామౌంట్ 2023 డిసెంబరులో విడుదల చేసిన టైటానిక్ సినిమా 4కే (మామూలు హెచ్‌డీ కంటే ఎక్కువ స్పష్టత ఉన్న) డిస్కుల సెట్టును ఎక్కువమంది పిక్చర్ కోసం కొంటున్నారు. అసలు సరుకు మాత్రం బోనస్ డిస్కులోనూ, సినిమా నడుస్తుండగా తెలిసినవాళ్లు వివరిస్తూ మాట్లాడే మూడు కామెంటరీ ట్రాకుల్లోనూ ఉంది.

ముందు బొమ్మ సంగతి. ఈ సినిమాను సూపర్ 35 పద్ధతిలో తీశారు. అంటే ఫిల్మ్ ఫ్రేములో కొంత భాగమే తీసుకుని వెడల్పు తెరకు పెద్దది చేస్తారు. కాబట్టి గ్రెయిన్ (ఫిల్ములో కనిపించే సన్నని చుక్కలు) సహజంగానే ఎక్కువ కనిపించాలి. ఈ డిస్కులో దాన్ని బాగా తుడిచేశారు. డెక్కు చెక్కలు, రోజ్ టోపీ, గౌను కుట్టుపని అద్భుతంగా తేలాయి గానీ, కొన్ని దగ్గరి షాట్లలో ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉన్నాయి. గ్రెయిన్ ఇష్టపడేవాళ్లకు ఇది నచ్చదు. వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ లాభమంతా రాత్రి సన్నివేశాలదే: ఓడ దీపాలు, ఆకాశంలోకి వదిలే రాకెట్లు, కరెంటు పోయాక మిగిలే నలుపు. చుట్టూ, పై నుంచీ వినిపించే అట్మాస్ సౌండు కూడా గట్టిగా ఉంది. సౌండ్ రిసీవర్‌లో నైట్ మోడ్ (పెద్ద శబ్దాలను తగ్గించేది) పెడితే మాత్రం ఓడ విరిగే చోట బలమంతా పోతుంది.

ఇక కామెంటరీలు. ఒకటి దర్శకుడు జేమ్స్ కామెరూన్‌ది, ఒకటి నటులూ సాంకేతిక నిపుణులదీ, మూడోది చరిత్ర సలహాదారులు డాన్ లించ్, కెన్ మార్షల్‌లది. సినిమా ఒకసారి మామూలుగా చూసి, వెంటనే మూడోది పెట్టండి. ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది సీను సీనుకూ తెలుస్తుంది. ఆ తర్వాత కామెరూన్‌ది వినండి. కొత్తగా చేర్చిన 'స్టోరీస్ ఫ్రమ్ ద హార్ట్' జ్ఞాపకాల కలబోత, ఒకసారి చూస్తే చాలు. పాత 'రిఫ్లెక్షన్స్ ఆన్ టైటానిక్' దానికంటే చిక్కగా ఉంటుంది.

ఓడ సెట్టు ఎలా కట్టారో తెలుసుకుని చూస్తే సినిమాయే మారిపోతుంది. మెక్సికోలోని రొసారితో దగ్గర సముద్రపు ఒడ్డున 1996లో స్టూడియో కట్టి, 1.7 కోట్ల గ్యాలన్ల నీళ్లు పట్టే ట్యాంకు తవ్వారు. అందులో 775 అడుగుల సెట్టు వేశారు. అసలు ఓడ 882 అడుగులు. పొడవు తగ్గింది కదా అని పొగగొట్టాలనూ లైఫ్‌బోట్లనూ పదో వంతు మేర చిన్నవి చేశారు, లేకపోతే నిష్పత్తి చెడేది. లైఫ్‌బోట్లు దించే డేవిట్లను మాత్రం అసలు ఓడకు చేసిన వెలిన్ కంపెనీ వారసులే చేసిచ్చారు.

ఓడకు పూర్తిగా కట్టింది కుడి పక్క ఒక్కటే. అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. ముందుకు పోతున్న ఓడ పొగ వెనక్కి పోవాలంటే సెట్టు ముందు భాగం గాలికి ఎదురుగా, ఉత్తరం వైపు ఉండాలి. కానీ సౌతాంప్టన్‌లో అసలు ఓడ రేవుకు ఆనుకున్నది ఎడమ పక్క! అందుకే వీడ్కోలు సన్నివేశాన్ని అద్దంలో బొమ్మలా తీశారు. బోర్డుల మీదా దుస్తుల మీదా అక్షరాలు తిరగేసి రాశారు, కుడికి నడవాల్సినవాళ్లు ఎడమకు నడిచారు, తర్వాత ఫిల్మును తిప్పేశారు. ఆ సీను పాజ్ చేసి వెనక జనాన్ని చూడండి, ఎంత శ్రమో అర్థమవుతుంది.

గ్రాండ్ మెట్ల సీను ఇంకా గొప్పది. 90,000 గ్యాలన్ల నీళ్లు ఒక్కసారిగా వదిలితే చెక్క మెట్ల వరస ఉక్కు పునాది నుంచి ఊడి పైకి లేచింది. చెక్క తేలుతుంది కదా. అసలు ఓడ శిథిలాల్లో మెట్లున్న చోట పెద్ద ఖాళీ మాత్రమే ఉండటానికి కారణం ఇదే కావచ్చని కామెరూన్ ఊహ. చరిత్రకారులకు సెట్టే ఒక ప్రయోగశాల అయిన సందర్భం ఇది.

1995లో రష్యా మిర్ జలాంతర్గాముల్లో 12 సార్లు దిగి, దాదాపు 3,800 మీటర్ల లోతున అసలు శిథిలాలను తీశారు. అక్కడి ఒత్తిడికి తట్టుకునే కెమెరా పెట్టెను కామెరూన్ తమ్ముడు మైక్ తయారుచేశాడు. లోపల పట్టే ఫిల్ము 12 నిమిషాలదే. లోతులో రీలు మార్చే వీలు లేదు. అందుకే ప్రతి షాటూ పైనే నమూనాతో రిహార్సల్ చేసుకుని దిగారు.

చలికి గడ్డకట్టిన శవాల సీనులో నటుల ముఖాల మీది మంచు, నీరు తగిలితే స్ఫటికాలయ్యే పొడి. జుట్టుకూ బట్టలకూ మైనం పట్టించారు. నోటి నుంచి వచ్చే ఆవిరి కంప్యూటర్‌లో కలిపింది. 4కేలో ఇవన్నీ అతుకు లేకుండా నిలబడ్డాయి. పై నుంచి ఓడ మొత్తం కనిపించే పగటి షాట్లలో కంప్యూటర్‌లో చేసిన డిజిటల్ మనుషులు మాత్రం బయటపడిపోతున్నారు.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికను కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగు) తప్పకుండా ఆపేయండి, లేకపోతే మోడల్ ఓడ బొమ్మ ఓడలాగే కనిపిస్తుంది. ఇలాంటి మార్పులేవీ చేయకుండా సినిమాను తీసినట్టే చూపే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. మామూలు బ్లూ-రే ప్లేయరు 4కే డిస్కును ఆడించదు. ప్లేస్టేషన్ 5 ఆడిస్తుంది గానీ డిస్కుల నుంచి డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్‌లో మెరుగైన రకం) ఇవ్వదు, మామూలు రకమైన హెచ్‌డీఆర్ 10తో సరిపెట్టుకోవాలి. పాత 2012 బ్లూ-రే ఇప్పటికే ఉండి, టీవీ చిన్నదైతే ఈ సెట్టుకు తొందరపడక్కర్లేదు. ఆ మూడు కామెంటరీలూ దాంట్లోనూ ఉన్నాయి.